ఒక పాటకు ఎంతిచ్చారు?

బిల్లీ హాలిడే పేరు ఎత్తితే చాలు, అందరూ ముందు ఆమె కష్టాలే చెబుతారు. పేదరికంలో పుట్టుక, మత్తుమందు, జైలు, కొట్టి డబ్బు గుంజుకునే మగవాళ్లు, నలభై నాలుగేళ్లకే చావు. చివర్లో ‘అందుకే ఆ గొంతులో అంత బాధ’ అని ఒక మాట. పోయిన సంవత్సరం ఒక కార్యక్రమంలో ఆమె పాట వినిపించినప్పుడు కూడా ఇదే జరిగింది. పాట మూడు నిమిషాలు, కష్టాల కథ ఇరవై నిమిషాలు. నాకు పాట నచ్చింది కానీ ఆ ‘అందుకే’ దగ్గర అనుమానం వచ్చింది. కష్టాలుంటేనే పాట వచ్చేటట్టయితే మా వీధిలో ఇంటికొక గొప్ప గాయని ఉండాలి.

అప్పటినుంచి ఆమె రికార్డులను సంవత్సరాల వరసలో వింటూ వస్తున్నాను. మొదటిది 1933 నవంబరులో, చివరిది 1959 మార్చిలో. అంటే ఇరవై అయిదేళ్ల పైచిలుకు పని. ఏవో నాలుగు పాటలు విని వదిలెయ్యకుండా వరసగా వింటే ఏడ్చే మనిషి కంటే పని తెలిసిన మనిషే ఎక్కువ వినిపిస్తుంది. నేను చెప్పాలనుకున్నది ఆ పని గురించే.

మొదటి రికార్డు గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. అప్పుడామెకు పద్దెనిమిదేళ్లు. హార్లెంలో పాడుతుంటే జాన్ హామండ్ అనే ఆయన విని, బెన్నీ గుడ్‌మన్ బ్యాండుతో రికార్డు చేయించాడు. పాట ఆమె గొంతుకు తగ్గ శ్రుతిలో లేదు. బస్సు అందుకోవడానికి పరుగెత్తుతున్నట్టు పాడుతుంది. తర్వాతి ఏడాదిన్నరలో ఆమెకు స్టూడియో పిలుపులు దాదాపు రాలేదు.

అసలు కథ 1935 జులై 2న న్యూయార్క్‌లో మొదలైంది. బ్రన్స్‌విక్ కంపెనీ రికార్డింగు అది. పియానో మీద టెడ్డీ విల్సన్, క్లారినెట్ గుడ్‌మన్, ట్రంపెట్ రాయ్ ఎల్‌డ్రిజ్, శాక్సఫోన్ బెన్ వెబ్‌స్టర్. రికార్డు మీద పెద్ద అక్షరాల్లో అచ్చయిన పేరు ‘టెడ్డీ విల్సన్ అండ్ హిజ్ ఆర్కెస్ట్రా’. మన బిల్లీ పేరు కింద చిన్న అక్షరాల్లో, పాట మధ్యలో ఒక చరణం పాడిన మనిషిగా ఉంటుంది.

ఆ రోజుల రికార్డు అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క పళ్లెం. ఒక్కో వైపు మూడు నిమిషాలు పడుతుంది, అంతే. మన స్టేజీ నాటకాల పద్యాలను కూడా ఇలాంటి పళ్లేల మీదే కుదించి పాడారు కదా, రాగం తీస్తుండగానే ప్లేటు అయిపోయేది. ఆ మూడు నిమిషాల్లోనే పియానో, క్లారినెట్, ట్రంపెట్, శాక్సఫోన్ అందరికీ వాటా ఉండాలి. గాయనికి మిగిలేది ఒక్క చుట్టు. ఒక పూటలో ఇలాంటివి మూడో నాలుగో పూర్తి చెయ్యాలి. పాట కాగితం చాలాసార్లు స్టూడియోకు వచ్చాకే చేతికి అందేది.

ఆ కాగితాల్లో ఏముండేవి? అప్పట్లో పేరున్న తెల్లవాళ్ల బ్యాండ్లు మంచి పాటలు ఏరుకుని తీసుకునేవి, మిగిలినవి వీళ్లకు వచ్చేవి. నల్లవాళ్ల పేటల్లోని హోటళ్లలో, బార్లలో జూక్‌బాక్సులుండేవి, నాణెం వేస్తే రికార్డు తిరిగే పెట్టెలు. ఆర్థిక మాంద్యంలో ఇళ్లలో రికార్డులు కొనేవాళ్లు తగ్గిపోయాక ఈ వ్యాపారాన్ని నిలబెట్టినవి అవే. ఆ పెట్టెల కోసం తక్కువ ఖర్చుతో చేసిన సరుకు ఇది. వెన్నెల, ముద్దులు, వెళ్లిపోయిన ప్రియుడు లాంటి మాటలు అటూ ఇటూ తిప్పి కట్టిన పాటలే అందులో ఎక్కువ.

కూలి సంగతి నాకు నేనుగా తట్టలేదు, మా అమ్మ అడిగింది. మా ఇంట్లో అమ్మ బీడీలు చుడుతుంది. షోలాపూర్ మనవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. తునికాకు తడిపి, కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టి, కట్టలు కట్టి కార్ఖానాలో అప్పగించాలి. వెయ్యికి ఇంత అని కూలి. అక్కడ ఏరి పక్కన పడేసినవి లెక్కలోకి రావు. ఒకరోజు అమ్మ పక్కన కూర్చుని ఫోనులో 1937 నాటి ‘ఎ సెయిల్‌బోట్ ఇన్ ద మూన్‌లైట్’ పెట్టాను. అమ్మకు ఇంగ్లీషు రాదు. చేతులు ఆపకుండానే కాసేపు విని, “ఈమెకు తొందరే లేదేమే?” అంది. నేను రెండు పుస్తకాలు చదివి అర్థం చేసుకున్న విషయం అది. తర్వాత అడిగింది, “పాటకు ఎంతిచ్చిండ్రు?”

ఆ మొదటి ఏళ్ల రికార్డులకు ఆమెకు పాటకింత అని ఒక్కసారి చేతిలో పెట్టి పంపేవాళ్లు. రాయల్టీ లేదు. ఆ మాటే చెప్పాను.

“మళ్ల ఎన్ని అమ్ముడువోతె అన్ని పైసలు రావా?”

రావన్నాను.

“అయితే మన లెక్కనే,” అని ఇంకో ఆకు తీసుకుంది.

ఈ రెండు ప్రశ్నలూ నేను చూసిన ఏ వ్యాసంలోనూ మొదట్లో లేవు. అడగాల్సింది ముందు ఇవే అని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. ఆమె 1935 నుంచి 1942 దాకా పాడిన పాటలు తర్వాత ఎల్‌పీలుగా, క్యాసెట్లుగా, సీడీలుగా మళ్లీ మళ్లీ వచ్చాయి, ఇప్పుడు ఫోనుల్లోకి వచ్చాయి. కూలి మాత్రం ఆ రోజుదే.

తొందర లేకపోవడం అన్నాను కదా, అది కొంచెం వివరంగా చెప్పాలి. 1935 నాటి ‘వాట్ ఎ లిటిల్ మూన్‌లైట్ కెన్ డూ’ వినండి. బ్యాండు గుర్రబ్బండిలా పోతుంటుంది. ముందు గుడ్‌మన్ క్లారినెట్. తర్వాత బిల్లీ వచ్చి, ఆ పరుగుతో తనకేం పని లేనట్టు, మాటను తాళం దెబ్బ మీద కాకుండా దాని వెనక వేస్తుంది. ఒక మాటను సాగదీస్తుంది, తర్వాతి మూడు మాటలను కుదించి చెబుతుంది, వాక్యం చివరికి వచ్చేసరికి అందరితో కలిసి ఉంటుంది. తాళం ఎక్కడా తప్పదు. దెబ్బ పడ్డాక ఆగి ఎత్తుకోవడం మన సంగీతంలోనూ ఉంది కాబట్టి పాట నేర్చుకుంటున్నవాళ్లకు ఇది ఎంత కష్టమో తెలుస్తుంది. పద్యం చదివేటప్పుడు మన మేడమ్ యతి దగ్గర ఒక్క క్షణం ఆపితే అర్థం మారిపోవడం క్లాసులో చూశాం. బిల్లీ పనికిరాని మాటలతో ఆ పని చేస్తుంది. అరిగిపోయిన ఒక ప్రేమ మాటను ఒక్క క్షణం ఆలస్యంగా అంటే, ‘నేను దీన్ని నమ్ముతున్నానంటావా?’ అని అడిగినట్టు ఉంటుంది.

స్వరం కూడా అంతే. ఆమె గొంతు పెద్దది కాదు. పైకీ కిందికీ కలిపి ఒక స్థాయి కంటే కొంచెం ఎక్కువ, అంతే. అందుకని రాసిన వరస ఎగిరెగిరి పడే చోట ఆమె దాన్ని చదును చేసి నాలుగైదు స్వరాల్లోనే తిప్పుతుంది. పాట రాసినవాళ్లకు కోపం వచ్చి ఉంటుంది, వింటే మాత్రం చాలాసార్లు ఆమె వరసే బాగుంటుంది. చిన్నప్పుడు ఆమె బెస్సీ స్మిత్‌ను, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను వింటూ పెరిగింది. బెస్సీ 1923లో మొదలుపెట్టినప్పుడు రికార్డింగు అంటే ఒక పెద్ద గొట్టంలోకి గట్టిగా పాడటం. 1925 నుంచి మైకులు వచ్చాయి. మైకు లేకపోతే బిల్లీ గొంతు రికార్డుకు పనికొచ్చేదే కాదు. గదిలో పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడే గొంతు అది. మైకును మనిషి చెవిలాగా వాడుకుంది.

1937 జనవరిలో లెస్టర్ యంగ్ వచ్చాడు, కౌంట్ బేసీ బ్యాండులో శాక్సఫోన్ వాయించేవాడు. ఆమెకు ‘లేడీ డే’ అని పేరు పెట్టింది ఆయనే. ఆమె ఆయనను ‘ప్రెజ్’ అంది, అంటే ప్రెసిడెంటు. ‘సెయిల్‌బోట్’లో ఆమె పాడుతుంటే వెనకాల ఆయన వాయించేది వినండి. ఆమె గాలి పీల్చే చోట ఆయన వస్తాడు, ఆమె మళ్లీ ఎత్తుకోగానే తప్పుకుంటాడు. ఇద్దరు స్నేహితురాళ్లు బావి దగ్గర మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది, ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడదు. ఆమె రికార్డుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఈ 1937, 38లవే. వాటిలో బాధ లేదు. చాలా పాటల్లో ఆమె నవ్వుతున్నట్టే ఉంటుంది. కష్టాల కథ చెప్పేవాళ్లు ఈ రికార్డులను త్వరగా దాటేస్తారు.

అదే సంవత్సరం ఆమె బేసీ బ్యాండుతో ఊళ్లు తిరుగుతూ పాడింది. ఆయన ఒప్పందం ఒక కంపెనీతో, ఆమె ఒప్పందం ఇంకొక కంపెనీతో. కాబట్టి ఇద్దరూ కలిసి స్టూడియోలో ఒక్క రికార్డూ చెయ్యలేదు. రేడియోలో ప్రసారమైనవి ఎవరో పట్టి ఉంచితే మూడు పాటలు మిగిలాయి. దాదాపు ఏడాది పని, మూడు పాటలు.

ఇక అందరికీ తెలిసిన ‘స్ట్రేంజ్ ఫ్రూట్’. వింత పండు అని అర్థం. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్లను గుంపులుగా పట్టుకుని చెట్టుకు ఉరితీసి చంపేవాళ్లు. ఆ చెట్టుకు వేలాడే శరీరమే ఆ పండు. రాసింది ఏబెల్ మీరోపోల్, న్యూయార్క్‌లో స్కూలు టీచరు. ముందు 1937లో టీచర్ల యూనియన్ పత్రికలో పద్యంగా వచ్చింది. కెఫే సొసైటీ అనే క్లబ్బులో బిల్లీ దాన్ని పాడేది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు పక్కపక్కన కూర్చోగలిగిన చోటు అది, అప్పటి న్యూయార్క్‌లో అలాంటివి అరుదు. ఈ పాటతోనే ముగించాలి. అప్పుడు సర్వర్లు వడ్డన ఆపెయ్యాలి, దీపాలు ఆర్పి ఆమె ముఖం మీద ఒక్క వెలుగే ఉంచాలి. పాట అయ్యాక ఆమె మళ్లీ వేదిక మీదకు రాదు.

ఆమె కంపెనీ కొలంబియా ఈ పాటను రికార్డు చెయ్యనంది. దక్షిణాదిలో సరుకు అమ్ముడుపోదని భయం. బతిమాలితే ఒక్క పూటకు వేరేచోట పాడుకోమని వదిలింది. మిల్ట్ గేబ్లర్ అనే ఆయనకు ఒక రికార్డుల దుకాణం, దానికి అనుబంధంగా కమొడోర్ అనే చిన్న కంపెనీ ఉండేవి. 1939 ఏప్రిల్ 20న అక్కడ పాడింది. పద్యం చిన్నది కాబట్టి ముందు పియానో పెట్టారు. నిమిషం దాటాక గానీ ఆమె గొంతు వినపడదు. మూడు నిమిషాల ప్లేటులో నిమిషానికి పైగా గాయని లేకుండా వదలడం ఎంత ధైర్యమో చూడండి.

ఆమె ఆ పాటలో ఏడవదు. మొదటిసారి విన్నప్పుడు నాకు అదే భయం వేసింది. జరిగింది జరిగినట్టు, దాదాపు స్వరం మార్చకుండా, ఒక్కో మాటకూ చోటిచ్చి చెబుతుంది. పాట చివరి మాట దగ్గర మాత్రమే గొంతు పైకి వెళ్లి అక్కడ తెగిపోతుంది. ఏడుస్తూ పాడి ఉంటే వినేవాళ్లు ‘అయ్యో’ అనుకుని ఇంటికి పోయేవాళ్లు. ఏడవకూడదని నిర్ణయించుకున్నది ఆమె. ఆ నిర్ణయాన్ని ‘బాధ’ అనే మాటలో కలిపేస్తే ఆమె చేసిన పని కనపడకుండా పోతుంది.

ఇంకో సంగతి. ఆ రికార్డు రెండో వైపున ‘ఫైన్ అండ్ మెలో’ అనే బ్లూస్ పాట ఉంది, రాసింది ఆమే. జూక్‌బాక్సుల్లో జనం నాణేలు వేసింది దానికి. ఒక వైపు శవం, ఇంకో వైపు సరిగ్గా చూసుకోని మొగుడి మీద ఫిర్యాదు. రెండూ ఒకే రోజు పాడింది. 1941లో పాడిన ‘గాడ్ బ్లెస్ ద చైల్డ్’ కూడా ఆర్థర్ హెర్జాగ్‌తో కలిసి ఆమె రాసిందే. డబ్బు దగ్గర వాళ్లమ్మతో గొడవపడి రాశానని తన ఆత్మకథలో చెప్పుకుంది. కూలి మీద బతికే ఇళ్లలో తల్లీ కూతుళ్లకు గొడవలు ఎక్కడ మొదలవుతాయో మనకు తెలుసు.

1942 ఆగస్టు నుంచి సంగీతకారుల యూనియన్ సమ్మె చేసింది, అమ్ముడైన ప్రతి రికార్డు మీదా వాటా కావాలని. మా అమ్మ అడిగిన రెండో ప్రశ్నే అది. విచిత్రం ఏమిటంటే వాద్యాలు వాయించేవాళ్లే ఆ యూనియన్ సభ్యులు. గొంతు వాద్యం కాదు కాబట్టి పాడేవాళ్లు లెక్కలోకి రారు. సమ్మె సడలాక 1944లో ఆమె డెక్కా కంపెనీలో చేరింది. గేబ్లర్ అక్కడ కూడా ఉన్నాడు. ‘లవర్ మ్యాన్’ పాడటానికి వయొలిన్లు కావాలని అడిగింది, ఆయన ఒప్పుకున్నాడు. పెద్ద హోదా ఉన్న తెల్ల గాయనులకే దక్కే మర్యాద అది. నా మటుకు ఆ వయొలిన్లు కొంచెం ఎక్కువే అనిపిస్తాయి, చక్కెర పాకంలా. కానీ అడిగి తీసుకుందన్నది గుర్తుంచుకోవాలి.

1947లో మత్తుమందు కేసులో శిక్ష పడింది. 1948 మార్చిలో బయటికి వచ్చింది, కొద్ది రోజుల్లోనే కార్నెగీ హాలులో పాడితే హాలు నిండిపోయింది. కానీ న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడాలంటే పోలీసులిచ్చే కార్డు ఉండాలి. ఆమెకు మళ్లీ ఇవ్వలేదు. అంటే సొంత ఊరి క్లబ్బుల్లో రోజూ పాడుకునే బతుకు పోయింది. ఆ నగరంలో ఆమెకు మిగిలినవి పెద్ద హాళ్లు, రికార్డింగు స్టూడియోలు. తర్వాతి పదేళ్ల రికార్డులను ఇది తెలిసి వినాలి.

పాడే మనిషి నడవడితో పాటను కొలవడం మన సాహిత్యానికి కొత్తేమీ కాదు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ గురించి వీరేశలింగం గారు చెప్పిన మాటల్లో ఆమె కులం, వృత్తి ఎంత ఉన్నాయో, పద్యం ఎంత ఉందో మన సిలబస్సులోనే చూశాం. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని మళ్లీ అచ్చు వేయించింది, పద్యం చూడండి అని. బిల్లీకి అలాంటి నాగరత్నమ్మ ఒకరుంటే బాగుండేదని అనుకుంటాను. బదులుగా 1972లో సినిమా ఒకటి వచ్చింది, దాన్నిండా సూదులూ కన్నీళ్లే.

1952 నుంచి నార్మన్ గ్రాంజ్ ఆమెతో చిన్న బ్యాండులతో వరసగా రికార్డులు చేయించాడు. ఈసరికి ఎల్‌పీలు వచ్చేశాయి, మూడు నిమిషాల గొడవ లేదు. గొంతులో గరుకు వచ్చింది, పై స్వరాలు పోయాయి. 1954లో ‘మూన్‌లైట్’ను మళ్లీ పాడింది. పక్కపక్కన పెట్టి వింటే, మొదటిదాంట్లో వెన్నెలను చూస్తున్న పిల్ల ఉంటుంది, రెండోదాంట్లో ఆ పిల్లను చూస్తున్న పెద్దావిడ ఉంటుంది.

1958 ఫిబ్రవరిలో కొలంబియాకు ‘లేడీ ఇన్ శాటిన్’ చేసింది. రే ఎల్లిస్ ఆర్కెస్ట్రా కావాలని ఎంచుకున్నది ఆమే. ఆమెకు అప్పుడు నలభై రెండేళ్లు, వింటే అరవై అనిపిస్తుంది. ఎల్లిస్‌కు కూడా రికార్డింగు సమయంలో ఆ గొంతు నచ్చలేదు, తర్వాత విన్నాక గానీ అందులో ఏముందో తెలియలేదు. ఈ రికార్డును నెత్తిన పెట్టుకునేవాళ్లు ఉన్నారు, వినలేమనేవాళ్లూ ఉన్నారు. నాకైతే 1937 ముందు ఇది నిలవదు. శిథిలమైన గొంతే అందం అనేవాళ్లు ఆ గొంతుతో పని చేసుకుని బతకాల్సినవాళ్లు కారు. అయితే ఒక్కటి గమనించాను. ఊపిరి చాలడం లేదు, స్వరం వణుకుతోంది, కానీ మాట పడే చోటు మారలేదు. వెనక అంతమంది వాయిస్తుంటే ఇప్పటికీ ఆమె తొందరపడదు.

1959 మార్చిలో చివరి రికార్డు, జులై 17న న్యూయార్క్ ఆసుపత్రిలో మరణం. ఆసుపత్రి మంచం మీదే అరెస్టు చేశారు. బ్యాంకులో డెబ్బై సెంట్లు, ఒంటికి అతికించుకుని దాచిన ఏడువందల యాభై డాలర్లు మిగిలాయి. ‘ఎన్ని అమ్ముడువోతె’ అన్న లెక్క అక్కడికొచ్చి ఆగింది.

వినాలనుకునేవాళ్లు ముందు 1935 ‘మూన్‌లైట్’, తర్వాత ‘సెయిల్‌బోట్’ వినండి. ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ మూడోది, అదీ ఒంటరిగా. తర్వాత 1957 డిసెంబరులో సీబీఎస్ టీవీలో వచ్చిన ‘ద సౌండ్ ఆఫ్ జాజ్’ వీడియో చూడండి. అందులో ఆమె ‘ఫైన్ అండ్ మెలో’ పాడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లలో బెన్ వెబ్‌స్టర్, రాయ్ ఎల్‌డ్రిజ్ ఉన్నారు, ఇరవై రెండేళ్ల కిందటి ఆ జులై పూట స్టూడియోలో ఉన్నవాళ్లే. లెస్టర్ యంగ్ కూడా ఉన్నాడు, జబ్బుతో కూర్చుని. తన వంతు రాగానే లేచి, చాలా కొద్ది స్వరాలు వాయిస్తాడు. ఆయనను చూడకండి, ఆమె తల చూడండి. పక్క మనిషి పని సరిగ్గా కుదిరినప్పుడు మా అమ్మావాళ్లు చేతులు ఆపకుండా తల ఊపుతారు, అలాగే ఊపుతుంది.